"పాతిక వేల వరకు" అంటే ఎంత?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీకూ తెలుస్తుంది. రాజమండ్రిలో టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అమ్మే షోరూమ్ మీది. పాతికమందికి పైగా స్టాఫ్. "కస్టమర్ రిలేషన్ ఎగ్జిక్యూటివ్‌లు కావలెను. జీతం 25,000 వరకు. అనుభవం అవసరం లేదు. కుటుంబ వాతావరణం కలదు" అని పేపర్లో చిన్న ప్రకటన వేశారు, అదే వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టారు. అరవై మంది వచ్చారు, ఏడుగురు చేరారు, ఆరు వారాలు తిరక్కుండా ఐదుగురు మానేశారు. ఫిక్స్‌డ్ 13,000, మిగతాది టార్గెట్ మీద ఇన్సెంటివ్. జీతం తక్కువై పోయారా, లేక ఈ కాలం పిల్లలకి ఓపిక లేకనా అని అడిగారు.

రెండూ కాదండీ. మీ ప్రకటనే వాళ్ళని పంపించేసింది.

నేను ఇరవై రెండేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. మొదట హైదరాబాద్‌లో కాల్ సెంటర్లకి, తర్వాత మందుల ఫ్యాక్టరీలకి, ఇప్పుడు షాపులకీ ఆసుపత్రులకీ మనుషుల్ని వెతికిపెడుతున్నాను. వేల ప్రకటనలు రాశాను. వాటిలో అబద్ధాలు కొన్ని, అబద్ధం కాకుండానే మోసం చేసినవి ఇంకొన్ని. అనుభవం అంటే నా దగ్గర ఉన్నది అదే.

ముందు "వరకు" దగ్గర ఆగుదాం. మీరు రాసింది ఇంగ్లీషు ప్రకటనల్లో ఉండే "అప్ టు"ని మనసులో పెట్టుకుని. అక్కడ అది పైకప్పు. అంతకంటే పైకి పోదు, కింద ఎంతైనా ఉండొచ్చు. తెలుగులో ఆ మాట అలా పనిచేయదు. "పెళ్ళికి పది లక్షల వరకు అయింది" అంటే మీకు ఏం వినిపిస్తుంది? ఇంచుమించు పది లక్షలు అయిందని. "బస్సులో నలభై మంది వరకు ఉన్నారు" అంటే సుమారు నలభై మంది ఉన్నారని. పన్నెండు మందే ఉండి ఎవరైనా అలా చెబితే అబద్ధం చెప్పాడనే అంటాం. మన వాడుకలో సంఖ్య పక్కన వచ్చే "వరకు", "దాకా" చాలాసార్లు "దాదాపు" అన్న అర్థంలోనే వస్తాయి. కాబట్టి మీ ప్రకటన చదివిన కుర్రాడు "పాతిక వేలకి అటూ ఇటూగా, పోనీ కొత్తవాణ్ణి కాబట్టి ఇరవై రెండు" అని లెక్కేసుకుని వచ్చాడు. ఆ మాట తల్లితో చెప్పాడు, ఆవిడ పక్కింటావిడతో చెప్పింది. అప్పుడే బండికి ఈఎంఐ ఎంత కట్టగలడో కూడా లెక్క వేసి ఉంటాడు.

మొదటి నెల ఏమైంది? 13,000 మీద పీఎఫ్ 12 శాతం, అంటే 1,560. ఈఎస్ఐ 0.75 శాతం, అంటే 98. కొత్తవాడు, ఇన్సెంటివ్ లేదు. బ్యాంకులో పడింది 11,342. మీరు చట్టప్రకారం అంతా సరిగ్గానే చేశారు, పీఎఫ్ ఎగ్గొట్టే షాపులతో పోలిస్తే మేలు చేశారు కూడా. కానీ వాడి మనసులో మాత్రం ఇరవై రెండు వేల మనిషికి పదకొండు వేలు ఇచ్చారు. సగం జీతం కోసేశారు!

మీరు వాళ్ళకి 13,000 అని ఇంటర్వ్యూలో చెప్పానన్నారు. నిజమే చెప్పి ఉంటారు. కానీ మొదట విన్న అంకె మేకులా దిగిపోతుంది. తర్వాత చెప్పినదంతా ఆ మేకుకి తగిలించుకునే చూస్తారు. ఇంటర్వ్యూలో "ఫిక్స్‌డ్ పదమూడు, మిగతాది ఇన్సెంటివ్" అని మీరన్నప్పుడు వాడు "మిగతాది" అన్నదాన్ని పట్టుకున్నాడు. పాతికలోంచి పదమూడు పోతే పన్నెండు, అది నెలనెలా వచ్చేదే అనుకున్నాడు. మీరే రాశారు, గత ఏడాది మొత్తం మీద పాతిక వేలు అందుకున్నది ఇద్దరే, అదీ దీపావళి నెలలోనని. అంటే ప్రకటనలో వేసింది జీతం కాదు, రికార్డు.

నా దగ్గరకి వచ్చే యజమానులు చాలామంది ఇక్కడ ఒక మాట అంటారు: "అసలు అంకె వేస్తే ఎవడూ రాడండీ." వస్తారు. తక్కువమంది వస్తారు. మీకు కావలసింది ఏడుగురే కదా.

1970లలో అమెరికాలో జాన్ వానస్ అనే పరిశోధకుడు టెలిఫోన్ ఆపరేటర్ల ఉద్యోగాలకి వచ్చినవాళ్ళ మీద ఇదే పరీక్షించాడు. కొందరికి ఉద్యోగం గురించి అంతా బాగుందనిపించే ఫిల్ము చూపించారు. ఇంకొందరికి ఆ పనిలో విసుగు, ఒత్తిడి, పైవాళ్ళ నిఘా కూడా ఉన్న ఫిల్ము చూపించారు. రెండోది చూసినవాళ్ళు పారిపోలేదు, చేరడానికి ఒప్పుకున్నవాళ్ళ నిష్పత్తిలో పెద్ద తేడా రాలేదు. కానీ వాళ్ళ ఆశలు నేలమీద ఉన్నాయి, చేరాక మానేద్దామన్న ఆలోచన వాళ్ళలో తక్కువగా కనిపించింది. ఆ తర్వాత ఇలాంటి పరిశోధనలు చాలా వచ్చాయి. ఫలితం ఉంది కానీ చిన్నదే అని తేల్చాయి. అందుకే మందు దొరికిందని నేనూ అనను. మీ షాపులో రోజుకి పది గంటలు నిలబెట్టి కుర్చీ ఇవ్వకపోతే ప్రకటన ఎంత నిజాయితీగా రాసినా మనుషులు నిలవరు.

ఇక "ఎగ్జిక్యూటివ్". చేసే పని ఏమిటి? కస్టమర్ వస్తే ఫ్రిజ్ తలుపు తీసి చూపించడం, ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ చెప్పడం, ఫైనాన్స్ కాగితాలు నింపించడం, ఆటో వస్తే నలుగురితో కలిసి పెట్టె ఎత్తడం. ఇందులో తప్పేం లేదు, మంచి పని. దీనికి మన ఊళ్ళో పేరు ఉంది: సేల్స్‌మన్, అమ్మాయి అయితే సేల్స్‌గర్ల్. ఆ పేరు వేస్తే డిగ్రీ చదివినవాళ్ళు రారని మీరు ఎగ్జిక్యూటివ్ అన్నారు. వచ్చినవాడు ఆ పేరులో ఒక కుర్చీ, ఒక కంప్యూటర్, ఒక ఐడీ కార్డు చూసుకున్నాడు. పెళ్ళి సంబంధాల బయోడేటాలో రాసుకోవడానికి బాగుంటుంది కూడా. (నవ్వొద్దు, నేను పెట్టిన హోదాల్లో సగం పెళ్ళిబయోడేటాల కోసమే పనికొచ్చాయి.) మూడో రోజు వాషింగ్ మెషీన్ ఆటో ఎక్కించమన్నప్పుడు బరువుగా అనిపించింది మెషీన్ కాదు. "నేను ఎగ్జిక్యూటివ్‌ని కదా" అన్న మాట.

అదే పనికి ఒక చిన్న టౌన్‌లో ఫర్నిచర్ షాపు వాళ్ళకి నేను "సేల్స్‌మన్, లోడింగ్‌లో కూడా చెయ్యి వెయ్యాలి" అని రాసిచ్చాను. యజమాని ముఖం ముడిచాడు. వచ్చింది పదకొండు మంది. వాళ్ళలో ఇద్దరు అంతకుముందు సిమెంటు గోడౌన్‌లో పనిచేసినవాళ్ళు. ఏసీలో నిలబడి మాట్లాడే పని వాళ్ళకి ప్రమోషన్. పని అదే, జీతమూ అదే. ఒకడికి అది కిందికి దిగడం, ఇంకొకడికి పైకి ఎక్కడం. ఆ ఇద్దరిలో ఎవరు మీ గుమ్మం తొక్కాలన్నది మీ ప్రకటనలోని ఒక్క మాట తేలుస్తుంది.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెబుతాను. 2009 ప్రాంతంలో హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌కి మనుషుల్ని తీసుకుంటున్నాం. ప్రకటనలో "రొటేషనల్ షిఫ్టులు" అని రాశాను. అది పరిశ్రమలో అందరూ రాసేదే. నిజంగా ఉన్నది రాత్రి షిఫ్టు ఒక్కటే, క్లయింటు అమెరికాలో ఉన్నాడు. సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి చేరింది. నాలుగు నెలల తర్వాత వాళ్ళ నాన్న వచ్చి రిసెప్షన్‌లో కూర్చున్నారు. పంచె కట్టుకున్న మనిషి, గొంతు పెంచలేదు. "రొటేషన్ అంటే తిరగాలె గద సార్? మా బిడ్డకు నాలుగు నెలల్నుంచి రాత్రి తిరిగి పగలైతలేదు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ అమ్మాయి రాత్రి పని చేయలేక కాదు, వచ్చే నెలైనా పగలు వస్తుందని ఎదురుచూసి అలిసిపోయి మానేసింది. తర్వాతి ప్రకటనలో "రాత్రి 9 నుంచి ఉదయం 6, ఎప్పుడూ ఇదే షిఫ్టు, ఇంటి దగ్గరి నుంచి క్యాబ్" అని రాశాను. మా మేనేజర్ తిట్టాడు. ఫోన్లు సగానికి పడిపోయాయి. కానీ వచ్చినవాళ్ళలో పగలు కాలేజీకి వెళ్ళేవాళ్ళు, పగలు ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి రాత్రే కావాలి. అలాంటివాళ్ళు ఉంటారని అంతకుముందు నాకు తట్టనే లేదు.

"అనుభవం అవసరం లేదు" అన్నది ఇంకా చిత్రమైనది. మీ ఉద్దేశం కొత్తవాళ్ళైనా పరవాలేదని. చదివేవాడికి రెండు రకాలుగా వినిపిస్తుంది. ఒకడికి "మేం నేర్పిస్తాం" అని. ఇంకొకడికి "ఎవడైనా చేసే పనే" అని. మొదటివాడు నేర్పేవాళ్ళ కోసం చూస్తాడు. మీ షాపులో మొదటి వారం ఏం చేయిస్తారు? "వాళ్ళ పక్కన నిలబడి చూడు" అంటారని నా ఊహ. వాడికి ఇన్వర్టర్ కంప్రెసర్‌కీ మామూలుదానికీ తేడా తెలియదు, కస్టమర్ ముందు తడబడతాడు, సీనియర్ వచ్చి ఆ బేరాన్ని తన ఖాతాలో వేసుకుంటాడు. ఇన్సెంటివ్ అక్కడే పోయింది. నేర్పే ఉద్దేశం ఉంటే "మొదటి పది రోజులు ట్రైనింగ్, జీతంతోనే" అని రాయండి. లేకపోతే ఆ మాట తీసేయండి.

"కుటుంబ వాతావరణం" మీద మీరు ప్రత్యేకంగా అడగలేదు గానీ నేను ఊరుకోలేను. యజమాని ఈ మాట రాసేటప్పుడు ఆయన మనసులో ఉన్నది: టైము చూసుకోకుండా పనిచేస్తారు, చిన్న విషయానికి రూల్సు అడగరు. చదివేవాడి మనసులో ఉన్నది: చెల్లెలి పెళ్ళికి అడ్వాన్సు ఇస్తారు, సంక్రాంతికి నాలుగు రోజులు ఊరు పంపిస్తారు, తప్పు చేస్తే కస్టమర్ ముందు తిట్టరు. సంక్రాంతి సేల్ నడుస్తున్నప్పుడు సెలవు అడిగి చూడమనండి, ఎవరి కుటుంబమో తెలిసిపోతుంది.

మన తెలుగు ప్రకటనల భాషలో ఇంకో తమాషా ఉంది. పేపర్లు వాడుక భాషలోకి వచ్చి దశాబ్దాలైంది. కానీ ఉద్యోగ ప్రకటన మాత్రం "కావలెను", "కలదు", "సంప్రదించగలరు" దగ్గరే ఉండిపోయింది. అక్షరానికీ లైనుకీ డబ్బు కట్టే చిన్న ప్రకటనల్లో పొట్టి మాటలు కలిసొచ్చాయి, అది ఒక కారణం. కానీ ఆ భాషకి ఒక గాంభీర్యం కూడా ఉంది. సర్కారు నోటీసు వాసన వస్తుంది. ఇంటి గేటుకి "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" అని రాసినట్టు. మాట్లాడే భాషలో "నెలకి 13,000 ఇస్తాం" అంటే మనిషి చెబుతున్నట్టు ఉంటుంది, ఎదురు ప్రశ్న వేయబుద్ధవుతుంది. "ఆకర్షణీయమైన వేతనము కలదు" అంటే ఎవరిని అడగాలి?

సర్కారు మాట వచ్చింది కాబట్టి, ఇది మీ ఒక్కరి సమస్య కాదని చెప్పడానికి రెండు పెద్ద ఉదాహరణలు. 2018 ఆగస్టులో తెలంగాణలో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. డిగ్రీ అర్హత, రాతపరీక్ష, నెలకి 15,000, మూడేళ్ళ ప్రొబేషన్. అన్నీ నోటిఫికేషన్లో ఉన్నాయి, ఎవరూ దాచలేదు. అయినా "ప్రొబేషన్" అన్న మాటకి మన ఇళ్ళలో ఒకటే అర్థం: ఇది గడిస్తే పర్మినెంట్. "జూనియర్" అంటే ఏదో ఒక రోజు ఆ మాట ఊడిపోతుందని. 2021లో జీతం 28,719కి పెంచారు, దానితోపాటే ప్రొబేషన్ నాలుగేళ్ళు చేశారు. జీతం దాదాపు రెట్టింపైంది కదా, సంతోషించాలి కదా? 2023 ఏప్రిల్ చివర్లో సమ్మెకి దిగారు. అడిగింది ముఖ్యంగా రెగ్యులరైజేషన్. జీతం పెరిగినా, పర్మినెంట్ అవుతామనుకున్న తేదీ ఇంకో ఏడాది వెనక్కి జరిగింది. మనుషులు కొలుచుకున్నది దాంతోనే.

రెండోది మీ ఆంధ్రప్రదేశ్‌లోనిదే. 2019లో గ్రామ, వార్డు వాలంటీర్లని తీసుకున్నారు. గ్రామాల్లో యాభై ఇళ్ళకి ఒకరు చొప్పున, నెలకి 5,000 గౌరవ వేతనం. పేరులోనే సేవ అని ఉంది. కానీ నోటిఫికేషన్ వచ్చింది, విద్యార్హత అడిగారు, రిజర్వేషన్ పాటించారు, ఇంటర్వ్యూ చేశారు. తంతు అంతా ఉద్యోగానిది. 2021 ఫిబ్రవరిలో కొందరు జీతం పెంచమని రోడ్డెక్కితే ఇది ఉద్యోగం కాదు, సేవ అని ముఖ్యమంత్రి బహిరంగ లేఖ రాశారు. ఎవరిది ఒప్పన్న రాజకీయంలోకి నేను పోను. నా వృత్తి కంటికి కనిపించేది ఒకటే. కాగితం మీద మాట సేవ అంటోంది, తీసుకున్న పద్ధతి ఉద్యోగం అంటోంది. "గౌరవ వేతనం"లో ఇచ్చేవాళ్ళు "గౌరవ" అన్నది ఒత్తి పలుకుతారు, తీసుకునేవాళ్ళు "వేతనం" అన్నది ఒత్తి పలుకుతారు.

మీ షాపులోనూ అలాగే. మీరు అసలు డిగ్రీ సర్టిఫికెట్లు ఎందుకు అడిగారు? మూడు రౌండ్ల ఇంటర్వ్యూ ఎందుకు పెట్టారు? రౌండు పెరిగే కొద్దీ అవతలివాడి మనసులో ఉద్యోగం పెద్దదవుతుంది. 13,000 ఉద్యోగానికి ఒక్కసారి మాట్లాడి, ఒక రోజంతా షాపులో నిలబెట్టి, సాయంత్రం ఇద్దరూ ఆలోచించుకుంటే చాలు. ఆ రోజుకి కూలీ ఇచ్చి పంపండి.

మీ ప్రశ్న కింద కామెంట్లలో ఒకాయన "సేల్స్ బాయ్స్ కావలెను అని వేస్తే సరి" అన్నారు. వద్దు. పని ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ చేసేదైనప్పుడు తీసుకోవడంలోనే తేడా చూపించకూడదని 1976 నాటి సమాన వేతన చట్టం నుంచీ ఉంది. చట్టం సంగతి అలా ఉంచితే, "బాయ్స్" అన్న మాట నలభై ఏళ్ళ అనుభవస్తుణ్ణి కూడా వెనక్కి పంపిస్తుంది. మీకు వాషింగ్ మెషీన్ గురించి ఇల్లాలికి నమ్మకంగా చెప్పగలిగేది ఇరవై ఏళ్ళ కుర్రాడు కాదు. 2011లో గాషర్, ఫ్రీసన్, కే అనే ముగ్గురు పరిశోధకులు ఇంగ్లీషు ప్రకటనల మీద చేసిన పని ఒకటి ఉంది. పోటీతత్వం, ఆధిపత్యం లాంటి మగవాసన మాటలు ఎక్కువున్న ప్రకటన చదివిన ఆడవాళ్ళకి ఆ ఉద్యోగం ఆకర్షణీయంగా అనిపించలేదు. మేం చేయలేమని కాదు, అది మా చోటు కాదేమోనని. తెలుగులో అంత సూక్ష్మం అక్కర్లేదు. మనం నేరుగానే "చురుకైన యువకులు" అని రాసేస్తాం.

సరే, మీ ప్రకటన నేనైతే ఇలా రాస్తాను:

"రాజమండ్రి షోరూమ్‌లో టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అమ్మే పని. ఉదయం 10 నుంచి రాత్రి 8:30, మధ్యలో గంట భోజనం. ఎక్కువసేపు నిలబడాలి, అవసరమైతే లోడింగ్‌లో సాయం చేయాలి. నెలకి 13,000, పీఎఫ్, ఈఎస్ఐ పోను చేతికి సుమారు 11,300. మూడో నెల నుంచి ఇన్సెంటివ్: గత ఏడాది మా వాళ్ళకి మామూలు నెలల్లో ఇంత, పండగ నెలల్లో ఇంత వచ్చింది. వారానికి ఒక రోజు సెలవు, ఆదివారం కాదు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఏ వయసువాళ్ళైనా రావచ్చు. మొదటి పది రోజులు నేర్పిస్తాం."

"ఇంత" అన్నచోట మీ రిజిస్టర్‌లోని అసలు అంకె వేయండి. ఎక్కువ అందుకున్నవాడిది కాదు, మధ్యవాడిది. వేళలు, సెలవు నేను ఊహించినవే, మీవి వేసుకోండి. పేపర్లో ఇంత పెద్దది వేస్తే ఖర్చు ఎక్కువ, ఒప్పుకుంటాను. పేపర్లో మొదటి వాక్యం, జీతం, ఫోన్ నంబరు చాలు. మిగతాది వాట్సాప్‌లో పెట్టండి. ఫోన్ ఎత్తేవాళ్ళకి కూడా అదే కాగితం ఇచ్చి చదవమనండి. క్యాషియర్ ఎత్తి "జీతం పాతిక దాకా ఉంటుందండీ, రండి" అన్నాడంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

వచ్చేవాళ్ళు అరవై నుంచి పదిహేనుకి తగ్గుతారు. మొదటి వారం మీకు భయం వేస్తుంది, నాకు ఫోన్ చేసినవాళ్ళందరికీ వేసింది. రెండు వారాలు ఆగండి.

ప్రకటన బయటికి పంపే ముందు మీ దగ్గర మిగిలిన ఇద్దరినీ కూర్చోబెట్టి చదివించండి. వాళ్ళు ఎందుకు నిలబడ్డారో కూడా అడగండి. నా అనుభవంలో అలాంటివాళ్ళకి షాపులో ముందే ఎవరో తెలిసినవాళ్ళు ఉంటారు, అసలు జీతం ఎంతో వాళ్ళు ప్రకటనలో చదవరు, బంధువు నోట వింటారు.

చివరగా, మానేసిన ఐదుగురికి పనిచేసిన రోజుల జీతం లెక్క కట్టి ఇచ్చేశారా? నోటీసు ఇవ్వలేదని ఆపి ఉంటే ఈ వారమే ఇచ్చేయండి. రాజమండ్రి అంత పెద్ద ఊరేం కాదు. మీ కొత్త ప్రకటన చూసినవాడు మీకు ఫోన్ చేసే ముందు ఆ ఐదుగురిలో ఒకరిని అడుగుతాడు.